వరసలు వేరు, వ్యవహారం వేరు: పేరెంట్స్ కమిటీలో నలుగురితో నెగ్గుకురావడం

పిల్లల బడికి మన వంతుగా ఏదైనా చేద్దామని పేరెంట్స్ కమిటీలో చేరినవాళ్ళని ఏడాది తర్వాత కదిపి చూడండి. ఎక్కువమంది నోట వచ్చే మాట ఒకటే: ‘‘పని కష్టం కాదండీ, మనుషులతోనే కష్టం.’’ బెంచీలకు రంగులేయించడం, వార్షికోత్సవానికి షామియానా మాట్లాడటం, మరుగుదొడ్లలో నీళ్ళు వచ్చేలా చూడటం ఎలాగో అయిపోతాయి. ఎవరిని ముందుగా అడగలేదు, ఎవరి పేరు ఫ్లెక్సీలో వేయలేదు, ఎవరు మెసేజ్ చూసి కూడా బదులివ్వలేదు అన్నవే నెలల తరబడి నలుగుతాయి. చేసిన మంచి అందరూ మర్చిపోతారు, పడ్డ మాట మాత్రం గుర్తుండిపోతుంది.

దీనికి మిమ్మల్ని మీరు తప్పుపట్టుకోనక్కర్లేదు. ఈ సేవలోనే ఒక తిరకాసు ఉంది. ఉత్సవ కమిటీలోనో, రక్తదాన శిబిరంలోనో సరిపడకపోతే మర్నాటి నుంచి వెళ్ళడం మానేయొచ్చు. ఇక్కడ అలా కుదరదు. మీకు ఎవరితో పడలేదో ఆవిడ కూతురూ మీ అమ్మాయీ ఒకే బెంచీలో కూర్చుంటారు. పదో తరగతి అయ్యేదాకా గేటు దగ్గర ఎదురుపడుతూనే ఉండాలి. పైగా ఈ మనుషుల్ని మీరు ఏరి కోరి తెచ్చుకోలేదు. పిల్లలు ఒక ఈడువాళ్ళు కావడం తప్ప మీ మధ్య వేరే పొత్తు లేదు. పట్టింపు మాత్రం సామాన్యమైంది కాదు. బడి గురించి మాట్లాడుతున్నా ప్రతివాళ్ళ మనసులోనూ మెదిలేది సొంత బిడ్డే.

దీనికి మన అలవాటు ఇంకొకటి తోడవుతుంది. రెండు మీటింగులు కలిసి కూర్చుంటే చాలు, వరసలు కలిపేస్తాం. అక్కా, వదినా, బాబాయ్, అన్నయ్యా అని పిలుచుకుంటాం. పరాయి మనిషిని దగ్గర చేసుకోవడానికి ఇంతకన్నా మంచి దారి లేదు. కానీ ఆ పిలుపు వెంట ఇంట్లో పాటించే మొహమాటాలన్నీ కమిటీలోకి వచ్చేస్తాయి. వదినను లెక్క అడుగుతామా? అన్నయ్య తెచ్చిన కొటేషన్ ఎక్కువగా ఉందని అంటామా? ఒప్పుకున్న పని చేయకపోతే అక్కను నలుగురిలో నిలదీస్తామా? అడగం. లోపల దాచుకుంటాం. దాచుకున్నది ఇంకొకరి చెవిన వేస్తాం. గొడవ అక్కడ పుడుతుంది.

అందుకే ఈ అధ్యాయమంతా ఒక్క సూత్రం మీద నడుస్తుంది. పిలుపులో వరస ఉండనివ్వండి, పనిలో పద్ధతి పెట్టండి. పద్ధతి గట్టిగా ఉన్నచోట వరసలు కూడా పదికాలాలు నిలుస్తాయి.

ముందు మీ కుర్చీ సంగతి తెలుసుకోండి

ప్రభుత్వ బడిలో కమిటీ సభ్యురాలంటే హెడ్మాస్టరు గారు కబురు పెడితే వచ్చి, రిజిస్టర్లో సంతకం పెట్టి, టీ తాగి వెళ్ళే మనిషి అనుకుంటారు చాలామంది. చట్టం అలా అనుకోలేదు. 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్లో పాఠశాల యాజమాన్య కమిటీ గురించి విడమరిచి చెప్పింది. సభ్యుల్లో కనీసం నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులో సంరక్షకులో అయ్యుండాలి. సగం మంది ఆడవాళ్ళు ఉండాలి. బలహీన వర్గాల పిల్లల తల్లిదండ్రులకు వాళ్ళ సంఖ్యకు తగినంత చోటు దక్కాలి. బడి నడుస్తున్న తీరు గమనించడం, అభివృద్ధి ప్రణాళిక తయారుచేయడం, వచ్చిన గ్రాంటు ఎలా ఖర్చవుతోందో చూడటం ఈ కమిటీ పనులు.

ఆంధ్రప్రదేశ్‌లో తరగతికి ముగ్గురు చొప్పున తల్లిదండ్రులను ఎన్నుకుంటారు. వాళ్ళలోంచే చైర్మన్, వైస్ చైర్మన్ వస్తారు. హెడ్మాస్టరు మెంబర్ కన్వీనర్. 2019లో మొదలైన, బడులను బాగుచేసే నాడు-నేడు పనులు కాంట్రాక్టర్ల ద్వారా కాకుండా ఈ కమిటీల చేతుల మీదుగానే నడిచాయి. తెలంగాణలో 2024లో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వచ్చాయి. అక్కడ మహిళా సంఘాల గ్రామ సమాఖ్య అధ్యక్షురాలు కమిటీకి పెద్ద, హెడ్మాస్టరు కన్వీనర్.

ప్రభుత్వ సాయం అందుకోని ప్రైవేటు స్కూళ్ళకు ఈ 21వ సెక్షన్ వర్తించదు. అక్కడ పేరెంట్స్ కమిటీ అంటే యాజమాన్యం వేసిన కుర్చీ అయినా కావాలి, తల్లిదండ్రులు తమలో తాము వేసుకున్న కుర్చీ అయినా కావాలి. కాబట్టి ప్రైవేటు స్కూల్లో చేరే ముందు ఒక ప్రశ్న అడిగి తీరాలి: ‘‘ఈ కమిటీ ఏం తేల్చగలదు, ఏం సలహా మాత్రమే ఇవ్వగలదు?’’ ఇది తేల్చుకోకుండా చేరినవాళ్ళు ఫీజుల పెంపు దగ్గర ఇరుక్కుంటారు. తోటి తల్లిదండ్రులకు యాజమాన్యం మనిషిలా కనిపిస్తారు, యాజమాన్యానికి గొడవ మనిషిలా కనిపిస్తారు.

నలుగురితో మెలగడానికి చట్టంతో పనేముంది అనిపించవచ్చు. ‘నేను అడగొచ్చా?’ అన్న జంకు పోవడానికే ఇదంతా. సమగ్ర శిక్ష పథకం కింద బడికి ఏటా వచ్చే కాంపోజిట్ గ్రాంటు పిల్లల సంఖ్యను బట్టి రూ.10 వేల నుంచి రూ.లక్ష దాకా ఉంటుంది. ‘‘సార్, ఈ ఏడు గ్రాంటు ఎంత వచ్చింది, దేనికి వాడదాం?’’ అని మీటింగులో అడిగితే అది అనుమానం కిందికి రాదు, మీకు అప్పజెప్పిన పని కిందికి వస్తుంది. మీకు ఆ సంగతి తెలిస్తే గొంతులో నిష్ఠూరం ఉండదు. నిష్ఠూరం లేని ప్రశ్నకు జవాబు తొందరగా దొరుకుతుంది.

మొదటి రెండు నెలలు: పాతవాళ్ళ మధ్య కొత్త మనిషి

ఏ కమిటీలోనైనా నలుగురైదుగురు పాతకాపులు ఉంటారు. వాళ్ళకు ఒకరి ఇళ్ళు ఒకరికి తెలుసు, ఒకరి బండి మీద ఒకరు వస్తారు, మీటింగు మొదలయ్యేసరికే సగం సంగతులు మాట్లాడేసుకుని ఉంటారు. కొత్తగా వెళ్ళినవాళ్ళకు తలుపు బయట నిలబెట్టినట్టు ఉంటుంది. ‘వీళ్ళు గ్రూపు కట్టారు’ అని తీర్మానించేయకండి. ఎవరూ రాని రోజుల్లో ఆ బడి పనులు లాక్కొచ్చింది వాళ్ళే కావచ్చు. వాళ్ళు మాట్లాడుకునే తీరు అలవాటు వల్ల వచ్చింది.

కొత్తవాళ్ళు సాధారణంగా చేసే పొరపాటు మొదటి మీటింగులోనే పది సలహాలు ఇవ్వడం. ‘‘మా పాత స్కూల్లో ఇలా చేసేవాళ్ళం’’ అనే వాక్యం ఎంత మంచి ఉద్దేశంతో అన్నా, విన్నవాళ్ళకు ‘మీకు చేతకాదు’ అన్నట్టే వినిపిస్తుంది. దానికి బదులు మొదలూ చివరా ఉన్న ఒక చిన్న పని అడిగి తీసుకోండి. గ్రంథాలయం అలమరా సర్దించడం, ఆటలపోటీల రోజు మంచినీళ్ళ ఏర్పాటు, ఆరోగ్య తనిఖీకి వచ్చే డాక్టర్ల దగ్గరికి వరసలో పిల్లల్ని పంపడం లాంటివి. పని పూర్తయ్యాక, ‘‘అయిపోయిందండీ, ఇంత ఖర్చయింది, ఇదిగో రసీదు’’ అని చెప్పండి. మీ మాటకు విలువ అక్కడి నుంచి మొదలవుతుంది. మూడో నెలలో మీరిచ్చే సలహాను, మొదటి రోజు విననివాళ్ళే వింటారు.

మీరే పాతకాపు అయితే మీ వంతు ఇంకొకటి ఉంది. కొత్తగా వచ్చినవాళ్ళ పక్కన కూర్చుని, మాట్లాడుకుంటున్న విషయం వెనక కథేమిటో రెండు ముక్కల్లో చెప్పండి. ‘‘పోయినేడు ప్రహరీ గోడ గురించి గొడవైంది, అందుకే ఆయన అలా అంటున్నారు’’ అని తెలిస్తే కొత్త మనిషి తెలియక పుండు మీద కారం చల్లడు.

డబ్బు: లెక్క అందరి ముందూ

పేరెంట్స్ కమిటీల్లో చెడిన స్నేహాలకు డబ్బే పెద్ద కారణం. దొంగతనం జరిగి కాదు, అనుమానం పుట్టి. వార్షికోత్సవం డ్యాన్సు డ్రెస్సులకు పిల్లాడికి మూడొందలు చొప్పున ఒకావిడ తన ఫోన్‌పేకి వేయించుకుందనుకోండి. డ్రెస్సులు వచ్చాయి, పిల్లలు ఆడారు, అందరూ చప్పట్లు కొట్టారు. ఆవిడ చేతిలో మిగిలింది రెండొందలో, తన జేబులోంచి పడింది అయిదొందలో ఎవరికీ తెలియదు. అడిగితే ఆవిడ నొచ్చుకుంటుందని ఎవరూ అడగరు. అడగలేదు కాబట్టి ఆవిడ చెప్పదు. ఆర్నెల్ల తర్వాత వీడ్కోలు సభకు చందా అడిగినప్పుడు సగం మంది మౌనంగా ఉంటారు. ఆవిడకు కారణం తెలియదు. ‘ఇంత చాకిరీ చేస్తే ఇదా ఫలితం’ అని బాధపడుతుంది.

దీనికి మందు ఎక్కడో వెతకనక్కర్లేదు. మీ వీధిలో పొదుపు సంఘం మీటింగు జరిగే రోజు వెళ్ళి చూడండి. గుండ్రంగా కూర్చుంటారు. అందులో తోడికోడళ్ళుంటారు, వదినా మరదళ్ళుంటారు, నిన్న పంపు దగ్గర పోట్లాడుకున్నవాళ్ళూ ఉంటారు. పోయినసారి రాసిన తీర్మానం చదువుతారు. పొదుపు డబ్బు, అప్పు వాయిదా అందరి ముందూ లెక్కపెడతారు. ఎవరెంత కట్టారో పుస్తకంలో ఎక్కుతుంది. సంతకాలు, రాయడం రానివాళ్ళవి వేలిముద్రలు పడతాయి. సమావేశం, పొదుపు, అంతర్గత అప్పు, వాయిదా చెల్లింపు, పుస్తకాలు... ఈ అయిదూ క్రమం తప్పకూడదన్న పంచసూత్రాలు వాళ్ళకు నోటికి వచ్చు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో దూబగుంట రోశమ్మ లాంటి ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డాక ఊపందుకున్న పొదుపు ఉద్యమం ఇన్నేళ్ళు నిలిచిందంటే ఈ పుస్తకాల చలవ కూడా అందులో ఉంది. అక్కడ లెక్క అడిగారని ఏ వదినా అలగదు. అందరినీ అడుగుతారు కాబట్టి, ప్రతిసారీ అడుగుతారు కాబట్టి ఆ ప్రశ్న ఏ ఒక్కరి మీదికీ వెళ్ళదు.

అదే పద్ధతిని మీ కమిటీకి తెచ్చుకోండి. 

- వసూలు చేసేది ఒకరు, ఖర్చు పెట్టేది ఇంకొకరు అయ్యేలా చూడండి. 
- పని అయిన వారంలోపు వాట్సాప్ గ్రూపులో లెక్క పెట్టండి: ఎంత వచ్చింది, ఎంత ఖర్చు, ఎంత మిగిలింది, రసీదుల ఫొటోలు. ఎవరూ అడగకముందే పెట్టడం ముఖ్యం. 
- మిగిలిన డబ్బు ఏం చేయాలో ముందే తేల్చండి. తర్వాత తేల్చుకుందామనుకున్నదే తగవు అవుతుంది. 
- చందా కట్టనివాళ్ళ పేర్లు గ్రూపులో పెట్టకండి. కూలికి వెళ్ళే ఇంట్లో మూడొందలంటే చిన్న మొత్తం కాదు. ఆ పేరు చదివేది పెద్దవాళ్ళే కాదు, వాళ్ళ పిల్లలు కూడా. ‘‘వీలైనవాళ్ళు వీలైనంత, లేనివాళ్ళు ఏ మొహమాటమూ పడొద్దు’’ అని ముందే రాసి, తగ్గింది కలిసి సర్దుకోండి.

వాట్సాప్ గ్రూపు: రాత్రి తొమ్మిదిన్నరకు

ఏడో తరగతి బి సెక్షన్ గ్రూపు. రాత్రి తొమ్మిదిన్నరకు ఒక తండ్రి మెసేజ్: ‘‘లెక్కల సార్ ఈ వారం అసలు పాఠమే చెప్పలేదట. మీ పిల్లలు ఏమన్నా అన్నారా?’’ రెండు నిమిషాల్లో, ‘‘మా వాడూ అదే అన్నాడు.’’ ఆ వెనకే, ‘‘ఫీజులు మాత్రం ముక్కుపిండి వసూలు చేస్తారు.’’ ఒక కోపం ముఖం ఇమోజీ. ఇంకొకరు పోయినేటి సైన్సు మేడమ్ సంగతి తవ్వుతారు. ఎవరో అదంతా స్క్రీన్‌షాట్ తీసి ఎ సెక్షన్ గ్రూపులో వేస్తారు. తెల్లారేసరికి అది స్టాఫ్‌రూమ్‌లో ఉంటుంది. అసలు సంగతేమిటంటే, సార్ మూడు రోజులు జ్వరంతో సెలవులో ఉన్నారు, నాలుగో రోజు వచ్చి పాత పాఠం తిరగేయించారు. పిల్లవాడు అబద్ధం ఆడలేదు, సగమే చెప్పాడు. పెద్దవాళ్ళు ఆ సగం పట్టుకుని సార్ పరువు తీశారు.

గ్రూపులో మాట్లాడుతున్నప్పుడు ఇంట్లో సోఫాలో కూర్చుని మాట్లాడుతున్నట్టే ఉంటుంది. నిజానికి అది నలభై ఇళ్ళు వింటున్న వీధి అరుగు. అందుకే గ్రూపుకు కట్టుబాట్లు ఉండాలి. ఇవి గొడవలు లేని రోజున రాసుకోవాలి. గొడవ మధ్యలో రాస్తే అవి ఎవరో ఒకరి మీద బాణంలా తగులుతాయి.

అయిదు కట్టుబాట్లు సరిపోతాయి. సమాచారం, సాయం అడగడం గ్రూపులో. ఫిర్యాదు మాత్రం సంబంధించిన మనిషికి నేరుగా. ఏ పిల్లవాడి పేరూ, ఫొటో, మార్కులూ తల్లిదండ్రుల అనుమతి లేకుండా రాకూడదు. రాజకీయాలు, ఫార్వర్డులు వద్దు. రాత్రి తొమ్మిది దాటాక అత్యవసరమైతేనే.

ఎవరైనా హద్దు దాటినప్పుడు మీరే అడ్మిన్ అనుకోండి. గ్రూపులో వాదించకండి, మెసేజ్ తీసేసి నిశ్శబ్దంగా ఊరుకోకండి. మొదట గ్రూపులో ఒక్క వాక్యం: ‘‘లెక్కల క్లాసు సంగతి నేను రేపు పొద్దున క్లాస్ టీచర్‌ని అడిగి చెప్తాను. అప్పటిదాకా ఆగుదామా?’’ తర్వాత ఆ తండ్రికి విడిగా ఫోన్ చేయండి. ‘‘అన్నయ్యా, మీ ఆదుర్దా అర్థమైంది. టీచర్ పేరు గ్రూపులోకి వస్తే రేపు మన పిల్లలే ఇబ్బంది పడతారని ఆపాను.’’ వరస ఇక్కడ ఉపయోగపడుతుంది. ఆపడం పద్ధతి పని, ఆపినందుకు నొప్పి లేకుండా చూడటం వరస పని. మర్నాడు మాటిచ్చినట్టు జవాబు పెట్టడం మర్చిపోకండి. పెట్టకపోతే తర్వాతిసారి ఎవరూ ఆగరు.

టీచర్లతో: రెండు పాత్రలు కలపొద్దు

కమిటీలో ఉన్నవాళ్ళకు స్టాఫ్‌రూమ్ దాకా చనువు వస్తుంది. దాంతో ఒక నింద కూడా వస్తుంది: ‘‘వాళ్ళమ్మ కమిటీలో ఉంది కాబట్టే వాణ్ణి లీడర్‌ని చేశారు.’’ నింద అబద్ధమైనా దాన్ని మోయాల్సింది మీ బిడ్డే. కాబట్టి గీత మీరే గీసుకోండి. కమిటీ పని మీద వెళ్ళిన రోజు మీ పిల్లవాడి మార్కుల ఊసెత్తకండి. ‘‘ఎలాగూ వచ్చాను కదా టీచర్, మా వాడు ఎలా చదువుతున్నాడు?’’ అన్నది చిన్న ప్రశ్నే. కానీ గుమ్మం బయట నిలబడ్డ ఇంకో తల్లికి ఆ సదుపాయం లేదు.

మీ బిడ్డ గురించి అడగడానికి వేరే వేళ ఉంది. పిల్లల హాజరు, ప్రగతి గురించి తల్లిదండ్రులతో క్రమంగా సమావేశమవడం టీచర్ల విధి అని విద్యాహక్కు చట్టమే చెప్పింది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 డిసెంబరు 7న ప్రభుత్వ బడులన్నిట్లో ఒకే రోజు మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ జరిగింది. ఆ తర్వాత కూడా జరుగుతున్నాయి. ఆ రోజు అందరితో పాటు వరసలో నిలబడి అడగండి. అలా నిలబడటాన్ని మిగతా తల్లులు గమనిస్తారు. మీరు నోరు విప్పి సంజాయిషీ చెప్పుకునే అవసరం తప్పుతుంది.

అలాగే కమిటీలో ఉండటం వల్ల మీ చెవిన పడ్డ సంగతులు ఉంటాయి. ఏ పిల్లవాడి తండ్రి ఫీజు కట్టలేదో, ఏ అమ్మాయికి మూర్ఛలు వస్తాయో, ఎవరి ఇంట్లో గొడవలో. అవి అక్కడే ఆగాలి. ‘‘ఎవరికీ చెప్పకు గానీ’’ అని మొదలుపెట్టాలనిపించిన ప్రతిసారీ, ఆ పిల్ల మీ పిల్లే అనుకుంటే మాట దానంతటదే ఆగుతుంది.

ఎవరు మాట్లాడుతున్నారు, ఎవరు వింటున్నారు

చట్టం సగం కుర్చీలు ఆడవాళ్ళకు ఇచ్చింది. మీటింగు రోజు ఆ కుర్చీల్లో కొన్నిటి పక్కన భర్తలు కూర్చుని మాట్లాడుతుంటారు. చైర్‌పర్సన్ ఆవిడ, నిర్ణయాలు ఆయనవి. ఆయన్ని కించపరిస్తే పని చెడుతుంది. ప్రశ్నను ఆవిడ వైపు తిప్పితే చాలు: ‘‘బాబాయ్ చెప్పింది బాగుంది. చైర్‌పర్సన్ మీరు కదా పిన్నీ, మీరేమంటారు?’’ అని అడిగి, ఆవిడ మాట్లాడేదాకా ఆగండి. మొదటిసారి ‘‘ఆయన చెప్పిందే’’ అంటారు. మూడోసారి సొంత మాట వస్తుంది.

మీటింగు వేళ కూడా ఎవరు రావాలో ముందే తేల్చేస్తుంది. పొద్దున పదకొండింటికి పెడితే కూలి పనికి వెళ్ళేవాళ్ళు ఒక పూట కూలి పోగొట్టుకుని రావాలి. రాకపోతే ‘‘వాళ్ళకు పిల్లల చదువు మీద శ్రద్ధ లేదు’’ అన్న మాట పడుతుంది. సాయంత్రానికి మార్చి చూసి, అప్పుడు శ్రద్ధ గురించి మాట్లాడండి. కార్పొరేట్ స్కూళ్ళలో ఇదే వివక్ష భాష రూపంలో ఉంటుంది. నలుగురు ఇంగ్లీషులో దంచుతుంటే మిగతా పదిమంది తలలూపి వెళ్ళిపోతారు. మీకు ఇంగ్లీషు ధారాళంగా వచ్చినా సరే, మీరే తెలుగులో మొదలుపెట్టండి.

కులం సంగతి ఎవరూ మీటింగులో ఎత్తరు, కానీ అది గదిలోనే ఉంటుంది. ఎవరు ఎక్కడ కూర్చుంటున్నారు, ఎవరిని ‘గారు’ అంటున్నారు, ఎవరిని ఏకవచనంతో పిలుస్తున్నారు అన్నది గమనించండి. మధ్యాహ్న భోజనం దగ్గర ఇది బయటపడుతుంది. ‘‘వంట ఎవరు చేస్తున్నారు?’’ అన్న ప్రశ్న వెనక కొన్నిసార్లు శుభ్రత గురించిన ఆరా ఉంటుంది, కొన్నిసార్లు వేరే ఆరా ఉంటుంది. ఈ రెండో ఆరాతో వాదించి గెలవడం కష్టం, తిని చూపించడం తేలిక. పిల్లలకు వడ్డించే ముందు ఒక టీచరుతో సహా ఇద్దరు ముగ్గురు పెద్దలు రుచి చూడాలని పథకం నియమమే ఉంది. కమిటీ సభ్యులుగా వెళ్ళి, నేల మీద పిల్లల పంక్తిలో కూర్చుని, వండిన ఆవిడ చేత్తోనే వడ్డించుకుని తినండి. ఆంధ్రప్రదేశ్‌లో ఈ భోజనానికి 2024లో డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. గోదావరి లంకల్లో వచ్చినవాళ్ళ కులం అడగకుండా అన్నం పెట్టిన ఇల్లాలి పేరు మీద నడిచే పంక్తిలో ఆ మాత్రం చేయడం మన మర్యాద.

‘మీరు ఇంట్లోనే ఉంటారుగా’

పని పంచుకోవడంలో అన్యాయం ఎప్పుడూ ఈ వాక్యంతోనే మొదలవుతుంది. ఉద్యోగం లేని తల్లి మీద పనులన్నీ పడతాయి. ఉద్యోగం ఉన్న తల్లి మీద ‘ఆవిడకు తీరదులే’ అన్న ముద్ర పడుతుంది. ఇద్దరికీ అది నచ్చదు. తండ్రుల లెక్క అసలు ఎవరూ తీయరు.

కాదనడం నేర్చుకోవాలి. సాకులు చెబితే నిలవవు. ‘‘మా అత్తగారికి ఒంట్లో బాగాలేదు’’ అంటే వచ్చే వారం మళ్ళీ అడుగుతారు. ఉన్నమాట చెప్పండి, చేయగలిగింది కూడా చెప్పండి: ‘‘ఈసారి డెకరేషన్ నా వల్ల కాదక్కా. శనివారం సాయంత్రం రెండు గంటలు కూర్చుని సర్టిఫికెట్ల మీద పేర్లు రాసిపెడతాను.’’ కాదన్నదీ స్పష్టంగా ఉంది, ఒప్పుకున్నదీ స్పష్టంగా ఉంది. ఎదుటివాళ్ళు కొంచెం చిన్నబుచ్చుకున్నా మీ మీద నమ్మకం పోదు. సరేనని చెప్పి చివరి రోజు ఫోన్ ఎత్తకపోతే పోయేది ఆ నమ్మకమే.

పని పంచే చోట మీరుంటే, ముక్కలు చేసి పంచండి. ‘వార్షికోత్సవం ఎవరు చూసుకుంటారు?’ అంటే ఎవరూ చేయెత్తరు. ‘మైకు సెట్టు వాళ్ళతో ఎవరు మాట్లాడతారు? సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా గేటు దగ్గర ఎవరుంటారు?’ అంటే ఉద్యోగస్తులు, తండ్రులు, తాతయ్యలు కూడా ముందుకొస్తారు.

ఊరు దాటినా ఇదే కథ

అమెరికా వెళ్ళిన తెలుగు తల్లిదండ్రులకు ఈ చిక్కు తిరగబడి ఎదురవుతుంది. అక్కడి పీటీఏ (పేరెంట్ టీచర్ అసోసియేషన్) 1897లో వాషింగ్టన్‌లో తల్లుల మహాసభగా మొదలైంది. ఎన్నికైన కార్యవర్గం, ప్రతి మీటింగులో కోశాధికారి నివేదిక, ఒకరు ప్రతిపాదించి ఇంకొకరు బలపరిస్తేనే తీర్మానం... అంతా పద్ధతి ప్రకారం నడుస్తుంది. చాలాచోట్ల పిల్లల దగ్గర పనిచేయడానికి ముందు నేపథ్య తనిఖీ కూడా ఉంటుంది. వరస కలపని ఆ మర్యాద మనకు ముభావంగా అనిపించి, మనవాళ్ళతో మనం ఒక మూల చేరిపోతాం. అక్కడ కూడా మందు చిన్న పనే. సైన్అప్ పట్టికలో ఒక గంట పని రాసుకుని, వేళకు వెళ్ళి, పూర్తిచేసి రండి. రెండుసార్లు అలా కనిపిస్తే పేరు పెట్టి పలకరిస్తారు.

అదే తల్లిదండ్రులు వారాంతంలో తెలుగు బడి నడిపేటప్పుడు మళ్ళీ మన వరసలన్నీ వచ్చేస్తాయి. 2007లో మొదలైన సిలికానాంధ్ర మనబడి లాంటివి నడిచేది ఇలాంటి వాలంటీర్ల మీదే. పీటీఏలో చూసి వచ్చిన కోశాధికారి నివేదికను ఆదివారం తెలుగు బడికి కూడా తెచ్చుకుంటే అక్కడ మొహమాటాలు తగ్గుతాయి.

గొడవ వచ్చాక, బయటికి వచ్చేటప్పుడు

ఎంత పద్ధతిగా ఉన్నా ఎప్పుడో ఒకసారి మాట తూలుతుంది. అప్పుడు మూడు జాగ్రత్తలు. మధ్యవర్తి ద్వారా కబురు పంపకండి. ప్రతి మధ్యవర్తీ తన మాట ఒకటి కలుపుతాడు. మెసేజ్‌లో తేల్చుకోకండి, ఎదురుగా కూర్చుని మాట్లాడండి. పిల్లల స్నేహాన్ని మధ్యలోకి లాగకండి. ‘‘వాళ్ళమ్మాయితో మాట్లాడకు’’ అన్న ఒక్క మాటతో పెద్దల గొడవ పిల్లల బెంచీ దాకా చేరుతుంది. పెద్దవాళ్ళు సర్దుకున్నాక కూడా అది అక్కడే ఉంటుంది. మాట్లాడేటప్పుడు మనిషి గురించి కాక పని గురించి మాట్లాడండి. ‘‘మీరెప్పుడూ ఇంతే’’ అంటే తలుపు మూసినట్టే. ‘‘షామియానా మార్చిన సంగతి నాకు ముందు చెప్పి ఉంటే అడ్వాన్సు ఇచ్చేదాన్ని కాదు. ఇకమీదట మార్పు ఏదైనా ఇద్దరం మాట్లాడుకుందాం’’ అంటే ఎదుటివాళ్ళు ఒప్పుకోవడానికి దారి ఉంటుంది.

ఇక తప్పుకోవడం. పిల్లలు పై తరగతికో వేరే స్కూలుకో వెళ్తారు, లేదా మీకే ఓపిక అయిపోతుంది. అలిగి వెళ్ళినట్టు గ్రూపులోంచి చడీచప్పుడు లేకుండా మాయమవకండి. అలా చేస్తే కారణాలు జనమే కల్పిస్తారు. నెల ముందు చెప్పండి. మీ చేతిలో ఉన్న పుస్తకం, రసీదులు, బీరువా తాళం చెవి, షామియానా వాళ్ళ నంబరు, అన్నీ రాసిచ్చి అప్పగించండి. తర్వాత వచ్చినవాళ్ళు మీ పద్ధతి మార్చితే అడ్డుపడకండి. మీరు లేకపోయినా నెలనెలా లెక్క చదువుతున్నారంటే మీ పని ఫలించినట్టే.

ఈ నెల చేసి చూడండి

1. మీ కమిటీ తీర్మానాల పుస్తకం ఎక్కడుందో అడగండి. లేకపోతే ఒక నోటు పుస్తకం కొని, వచ్చే మీటింగు నుంచి మొదలుపెట్టండి.

2. గత మూడు నెలల్లో మీరు లోపల దాచుకున్న ప్రశ్న ఒకటి రాసుకోండి. దాన్ని ఎవరి పేరూ లేకుండా, పని గురించి మాత్రమే అడిగే వాక్యంగా మార్చండి. వచ్చే మీటింగులో అదే అడగండి.

3. గ్రూపులో ఇప్పటిదాకా ఒక్క మాటా మాట్లాడని తల్లికో తండ్రికో ఫోన్ చేసి, ‘‘మీకు ఏ వేళైతే వీలవుతుంది?’’ అని అడగండి.

4. మీరు మోస్తున్న పనుల జాబితా వేసి, అందులో ఒకటి ఇంకొకరికి అప్పగించండి. వాళ్ళు మీలా చేయకపోయినా దిద్దబోకండి.

5. మీ చేతిలో బడి డబ్బు పది రూపాయలున్నా సరే, దాని లెక్క ఈ ఆదివారంలోగా అందరికీ చెప్పండి.